‘ఉండాలి’కీ ‘ఉంటే మంచిది’కీ మధ్య

మా అన్న చక్రాల కుర్చీలో తిరుగుతాడు. చిన్నప్పుడు పోలియో వచ్చింది. కొన్నేళ్ల కిందట ఒక సంతకం పని మీద ఇద్దరం దగ్గర్లోని పట్నంలో ఒక ఆఫీసుకు వెళ్లాం. గుమ్మం ముందు ర్యాంపు ఉంది. పక్క గోడ మీద నీలం రంగుతో చక్రాల కుర్చీ బొమ్మ కూడా వేయించారు. అన్న కుర్చీని ర్యాంపు కింద ఆపి, తల ఎత్తి పైదాకా చూశాడు.

“ఇది బండ్లు ఎక్కించడానికి పోసిన వాటం రా. నేనెక్కేది కాదు,” అన్నాడు.

అటెండరు బయటికి వచ్చాడు. “ర్యాంపు ఉంది కదా సార్, రండి,” అన్నాడు. మా మొహాలు చూసి, లోపల్నుంచి ఇంకో ముగ్గుర్ని పిలిచాడు. ఒకరు చక్రం పట్టుకున్నారు, ఒకరు కాళ్లు పెట్టుకునే పలక పట్టుకున్నారు. ఆ పలక ఊడి చేతికొచ్చింది. అన్న కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పని అయ్యాక దిగేటప్పుడూ అంతే. వాళ్లు మంచివాళ్లు, విసుక్కోలేదు, మంచినీళ్లు కూడా ఇచ్చారు. కానీ మా అన్న ఆ ఆఫీసులోకి వెళ్లగలడా లేదా అన్నది, ఆ పూట అక్కడ ఎంతమంది ఖాళీగా ఉన్నారన్న దాని మీద ఆధారపడింది.

పక్కనే ఇంకో కట్టడం పని జరుగుతోంది. అక్కడి తాపీమేస్త్రిని టేపు అడిగి ర్యాంపు కొలిచాను. గుమ్మం ఎత్తు 22 అంగుళాలు. ర్యాంపు పొడవు 5 అడుగులు. చక్రాల కుర్చీ తనంతట తాను ఎక్కాలంటే ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు కావాలి. ఆ లెక్కన అక్కడ 22 అడుగుల ర్యాంపు ఉండాలి. మేస్త్రికి ఈ లెక్క చెబితే తల ఊపాడు. ఆ ర్యాంపు పోసింది ఆయనేనట. “అంత పొడుగు పెడితే రోడ్డు మీదకొస్తుంది సారూ. మలుపు తిప్పి పోయొచ్చు గానీ మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఏదో ఒకటి వేయమన్నారు, వేశాం,” అన్నాడు.

ఆ ‘ఏదో ఒకటి’ నా మనసులో ఉండిపోయింది. అది మేస్త్రి మాట కాదు, కాంట్రాక్టరు మాటా కాదు. ఎక్కడో పైనుంచి, కాగితాల్లోంచి జారుతూ వచ్చిన మాట. దాని పుట్టుచోటు నాకు 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చదివినప్పుడు దొరికింది. ‘రాజీవ్ రతూరి వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా’ అన్నది ఆ తీర్పు పేరు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, న్యాయమూర్తులు జె.బి. పార్దీవాలా, మనోజ్ మిశ్రా ఉన్న ధర్మాసనం ఇచ్చింది. రాసింది చంద్రచూడ్. ప్రధాన న్యాయమూర్తిగా ఆయనకు అదే ఆఖరి పనిదినం. తీర్పులు మామూలుగా గెలుపోటముల కోసం చదువుతాం. దీన్ని పనితనం కోసం చదవాలి. ఒక మంచి పనివాడు తలుపు సరిగ్గా పడకపోతే తలుపును తిట్టకుండా, ఏ బందు దగ్గర తేడా ఉందో వేలితో తడిమి పట్టుకుంటాడే, అలాంటి పని ఇందులో ఉంది.

ముందు రతూరి గురించి ఒక మాట. ఆయనకు చూపు సమస్య ఉంది. రోడ్ల మీద, రవాణాలో, ప్రభుత్వ భవనాల్లో తనలాంటివాళ్లు భద్రంగా తిరిగే ఏర్పాట్లు కావాలని 2005లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. దాని నంబరు 243. అప్పుడు అమల్లో ఉన్నది 1995 నాటి చట్టం. ఆ చట్టంలోనూ ర్యాంపుల గురించి ఉంది, లిఫ్టుల్లో బ్రెయిలీ గుర్తుల గురించి ఉంది. కాకపోతే వాటి ముందు ఒక చిన్న తోక తగిలించారు: ‘తమ ఆర్థిక స్తోమతకూ అభివృద్ధికీ ఉన్న పరిమితులకు లోబడి’ ప్రభుత్వాలూ స్థానిక సంస్థలూ ఇవి చేయాలి అని. డబ్బుల్లేవు అని ఒక్క ముక్క చెబితే చాలు, సెక్షన్ మొత్తం నిద్రపోతుంది. కొన్ని పదాలు చట్టాన్ని నిలబెడతాయి, కొన్ని పడుకోబెడతాయి. ఇది రెండో రకం.

2007లో మన దేశం వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆమోదించింది. ఆ మాట నిలబెట్టుకోవడానికి 2016 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. వైకల్యాల జాబితా 7 నుంచి 21కి పెరిగింది, ఉద్యోగాల్లో రిజర్వేషన్ 3 నుంచి 4 శాతమైంది. పత్రికల్లో ఎక్కువగా వచ్చింది ఈ లెక్కలే. (ప్రభుత్వ కాగితాల్లో ‘దివ్యాంగులు’ అని రాస్తున్నారు. మా అన్న ‘వికలాంగుడిని’ అనే చెప్పుకుంటాడు. మన దగ్గర పోరాడిన సంఘం కూడా వికలాంగుల హక్కుల పోరాట సమితి అనే పేరు పెట్టుకుంది. నేనూ ఆ మాటే వాడతాను.)

నాకు ఆ చట్టంలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది నిర్వచనాల సెక్షన్. వికలాంగుడంటే ఎవరు? పాత చట్టం వైద్యుడి చీటీ నుంచి మొదలుపెట్టింది: ఫలానా జబ్బు, ఇంత శాతం. కొత్త చట్టం మనిషిలో ఉన్న లోపాన్ని మాత్రమే చూసి ఊరుకోలేదు. దీర్ఘకాలంగా ఉన్న లోపం, చుట్టూ ఉన్న అడ్డంకులతో కలిసి, అందరితో సమానంగా సమాజంలో పాలుపంచుకోనీయకుండా చేస్తే, ఆ వ్యక్తి వికలాంగుడు అంది. ఇందులో కీలకమంతా ‘కలిసి’ అన్న మాటలో ఉంది. మా అన్న కాళ్లు ఒక్కటే కారణమైతే ఆయన ఇంట్లోనూ కదల్లేకపోవాలి. ఇంట్లో గడపలు తీసేశాం, ఆయన వంటింట్లోకీ పెరట్లోకీ తిరుగుతాడు. ఆ ఆఫీసు గుమ్మం దగ్గర మాత్రం కదల్లేకపోయాడు. ఆ రోజు ఆయన్ని వికలాంగుణ్ని చేసిన దాంట్లో ఆ 22 అంగుళాలకూ వాటా ఉంది. ‘అడ్డంకి’ని కూడా చట్టం విడిగా నిర్వచించింది. మెట్లూ గోడలే కాదు, సంస్థల తీరు, సమాజపు అలవాట్లు, మనుషుల దృక్పథం కూడా అడ్డంకులే అని రాసింది.

ఇప్పుడు తీర్పులోని అసలు ముడి దగ్గరికి వద్దాం.

సెక్షన్ 40 చిన్నది. భవనాలు, రవాణా, సమాచారం మొదలైనవి వికలాంగులకు అందుబాటులో ఉండేలా ప్రమాణాలు నిర్దేశిస్తూ కేంద్ర ప్రభుత్వం నియమాలు చేయాలి అంటుంది. చట్టాల ఇంగ్లిష్‌లో ‘షల్’ అనే క్రియ వాడారు. అంటే చేసి తీరాలి. చేయమన్నది ‘నియమాలు’, సలహాలు కాదు. దాని పక్కనే ఉన్న సెక్షన్ 41 చదవండి. బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు, విమానాశ్రయాల్లో సౌకర్యాల కోసం ప్రభుత్వం ‘తగిన చర్యలు’ తీసుకోవాలంటుంది. ఇదీ బాధ్యతే, కానీ మెల్లగా, అంచెలంచెలుగా నెరవేరే బాధ్యత. రెండు సెక్షన్లూ పక్కపక్కనే ఉన్నా వాటి బిగువు ఒకటి కాదు. చట్టం రాసినవాళ్లకు ఈ తేడా తెలుసు, తెలిసే రాశారు.

40 ఎందుకంత బిగువుగా ఉందో తర్వాతి సెక్షన్లు చూస్తే తెలుస్తుంది. 44 ప్రకారం, ఆ నియమాలకు ఒప్పని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు, కట్టాక పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇవ్వకూడదు, అందులోకి చేరనివ్వకూడదు. మన బిల్డర్ల భాషలో చెప్పాలంటే, ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) రాదు. 45 ప్రకారం, ప్రజలు వాడుకునే పాత భవనాలన్నిటినీ ‘ఆ నియమాలు’ వచ్చిన రోజు నుంచి అయిదేళ్లలో సరిచేయాలి. 46 ప్రకారం, ప్రభుత్వమైనా ప్రైవేటైనా సేవలందించే సంస్థలు రెండేళ్లలో సరిచేసుకోవాలి. వినకపోతే 89 కింద జరిమానా. గడియారం, తాళం, శిక్ష, మూడూ ఉన్నాయి. మూడూ ఒకే మేకుకు తగిలించి ఉన్నాయి. ఆ మేకు సెక్షన్ 40 కింద చేయాల్సిన నియమాలు.

ఆ నియమాలు 2017 జూన్ 15న వచ్చాయి. అందులో 15వ నియమం ప్రమాణాల గురించి. ప్రతి సంస్థా ఈ ప్రమాణాలు పాటించాలి అని మొదలవుతుంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. ప్రమాణాలేమిటని చూస్తే, ఫలానా మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలు అని ఉంటుంది. తర్వాతి సవరణలతో ఒక్కో శాఖ మార్గదర్శకాలు ఒక్కొక్కటిగా ఆ జాబితాలో చేరాయి. ఆ మార్గదర్శకాలు తెరిస్తే అందులో ‘ఉండాలి’ ఉంది, ‘ఉంటే మంచిది’ ఉంది, ‘వీలైతే’ ఉంది. ఏది తప్పనిసరో, ఏది సలహానో విడదీసి చెప్పలేదు. ప్లాను మంజూరు చేసే ఉద్యోగి ముందు ఇవన్నీ ఒకే దొంతరగా పడతాయి. దేని మీద ఓసీ ఆపాలి? దేనికి జరిమానా వేయాలి? జవాబు లేదు. జవాబు లేనప్పుడు ఏమవుతుందో మా మేస్త్రి చెప్పాడు. ఏదో ఒకటి వేస్తారు.

తీర్పు సరిగ్గా ఈ బందు దగ్గర వేలు పెట్టింది. పార్లమెంటు దాటరాని కనీస ప్రమాణాలు చేయమంటే, నియమం ఆదర్శాలు పోగుచేసి ఇచ్చిందని చెప్పడానికి తీర్పు ఇల్లు కట్టే భాషనే వాడుకుంది: పైకప్పు ఉంది, కింద నేల లేదు అని. నాకు ఆ పోలిక ఎంత నచ్చిందో చెప్పలేను. పైకప్పు అంటే ఎంతదాకా వెళ్లగలమో చెప్పే హద్దు. నేల అంటే ఇంతకంటే కిందికి ఎవర్నీ పడనివ్వం అనే హామీ. మా అన్నకు కావాల్సింది నేల. ఆ కారణంతో 15(1) నియమం మూల చట్టం ఉద్దేశానికే విరుద్ధమని, అది చెల్లదని తేల్చింది. మార్గదర్శకాలన్నీ తీసి పారేయమనలేదు. అవి పైకప్పుగా ఉండనివ్వండి, వాటిలోంచి తప్పనిసరి కొలతలు వేరుచేసి నియమాలుగా తెండి, మూడు నెలల్లో తెండి, వికలాంగుల్నీ వాళ్ల సంస్థల్నీ సంప్రదించి తెండి అంది. అవి వచ్చాక 44, 45, 46, 89 సెక్షన్లలోని పర్యవసానాలను, ఓసీ ఆపడంతో సహా, అమలు చేయమంది.

ఇక్కడ చంద్రచూడ్ చేసినదే కాదు, చేయనిదీ చూడాలి. ఇదే కేసులో 2017 డిసెంబరు 15న న్యాయమూర్తులు ఎ.కె. సిక్రీ, అశోక్ భూషణ్‌ల ధర్మాసనం 11 అంశాలతో ఆదేశాలిచ్చింది. ఫలానా తేదీకల్లా ఇన్ని ప్రభుత్వ భవనాలు, ఇన్ని స్టేషన్లు, ఇన్ని వెబ్‌సైట్లు అన్న తరహాలో. అవి మంచి ఆదేశాలే. కానీ ఆదేశం ఆ తేదీతో, ఆ జాబితాలోని భవనాలతో ఆగిపోతుంది. జాబితాలో లేని ఊళ్లో రేపు కట్టబోయే ఆఫీసు గుమ్మాన్ని అది పట్టుకోలేదు. నియమం పట్టుకుంటుంది. 2024లో చంద్రచూడ్ ఇంకో జాబితా రాసి చప్పట్లు కొట్టించుకోవచ్చు. అలా చేయలేదు. ర్యాంపు వాలు ఎంతుండాలి, తలుపు వెడల్పు ఎంతుండాలి అని కోర్టే రాయడానికీ పూనుకోలేదు. జాబితాలు ఎందుకు నీరుగారిపోతున్నాయో కారణం వెతికి, ఆ ఒక్క క్రియను సరిచేశాడు. తన చేతి పనిని అంతవరకే ఉంచుకోవడం కూడా పనితనమే అంటాను.

ఆ కారణం ఒక న్యాయమూర్తి గదిలో కూర్చుంటే దొరికేది కాదు. దానికి మన దగ్గర మనుషులున్నారు. 2023 చివర్లో సుప్రీంకోర్టు ఈ కేసులో పరిశీలన బాధ్యతను హైదరాబాద్ శివారు శామీర్‌పేటలో ఉన్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రానికి అప్పగించింది. వికలాంగుల హక్కుల చట్టాలపై దశాబ్దాలుగా పనిచేస్తున్న ప్రొఫెసర్ అమితా ధండాది ఆ కేంద్రంలో పెద్ద చేయి. వాళ్లు వికలాంగులతో నేరుగా మాట్లాడి, వాళ్లకు ఎదురైన అడ్డంకుల్ని వాళ్ల నోటితోనే విని నివేదిక ఇచ్చారు. దానికి ‘ఫైండింగ్ సైజెస్ ఫర్ ఆల్’ అని పేరు పెట్టారు. అందరికీ సరిపోయే కొలతలు వెతకడం అన్నమాట. ఒకే కొలత అందరికీ సరిపెట్టే అలవాటున్న చోట ఆ పేరే సగం వాదన చెబుతుంది. 15వ నియమంలో మార్గదర్శకాల భాష ఎంత కలగాపులగంగా ఉందో చూపించిందీ ఈ నివేదికే. తీర్పు దాన్ని అడుగడుగునా వాడుకుంది, ఎక్కడ వాడుకుందో దాచకుండా చెప్పింది. దేశం మొత్తానికీ వర్తించే ఒక హక్కు తాలూకు మరమ్మతుకు ముడిసరుకు శామీర్‌పేట నుంచి వెళ్లిందన్నది తెలుగువాళ్లు తెలుసుకోవాల్సిన విషయం. మన పత్రికల్లో దీనికి రావాల్సినంత చోటు రాలేదు.

తీర్పులో నేను ఎక్కువసేపు ఆగిన చోటు ఇంకొకటుంది. రెండు మాటల్ని విడదీసిన చోటు అది. ఒకటి సుగమ్యత. ఎవరు వస్తారో తెలియకముందే, ఎవరూ అడగకముందే, అందరూ రాగలిగేలా ముందస్తుగా కట్టి ఉంచడం. రెండోది తగిన సర్దుబాటు. ఫలానా మనిషి వచ్చి, నాకు ఇది కావాలి అన్నప్పుడు, ఆ మనిషికి తగినట్టు మార్చి ఇవ్వడం. మొదటిది ముందు పని, రెండోది తర్వాతి పని. మొదటిది సమూహానికి, రెండోది వ్యక్తికి. ఐక్యరాజ్యసమితి కమిటీ 2014లో తన వ్యాఖ్యానంలో ఈ గీత గీసింది, తీర్పు దాన్ని మన చట్టంలోకి తెచ్చి స్థిరపరిచింది.

ఈ గీత ఎందుకంత ముఖ్యమో చెబుతాను. తగిన సర్దుబాటుకు చట్టమే ఒక హద్దు పెట్టింది. అవతలివాళ్ల మీద మోయలేని భారం పడకూడదు అని. అది న్యాయమే, చిన్న కిరాణా కొట్టుకూ పెద్ద ఆసుపత్రికీ ఒకే బరువు పెట్టలేం. కానీ సుగమ్యతకు ఆ హద్దు లేదు. ఈ రెంటినీ కలిపేస్తే, భారం అన్న సాకు నెమ్మదిగా సుగమ్యతలోకీ పాకుతుంది. 1995 చట్టంలోని ఆ ‘ఆర్థిక స్తోమత’ తోక దొడ్డిదారిన తిరిగి వస్తుంది. మా అన్న విషయంలో జరిగిందీ అదే. నలుగురు కలిసి ఎత్తడం ఒక సర్దుబాటు. దాన్ని చూపించి, సుగమ్యత ఉన్నట్టు లెక్క రాసుకున్నారు. ఈ తీర్పు చదివాక ఆ లెక్క తప్పని గట్టిగా చెప్పగలను. ఎవరో ఎత్తితే తప్ప లోపలికి పోలేని గుమ్మాన్ని ర్యాంపున్న గుమ్మంగా లెక్కించకూడదు.

సర్దుబాటు గురించి ఇదే చంద్రచూడ్ 2021 ఫిబ్రవరి 11న రాసిన ఇంకో తీర్పును కూడా కలిపి చదవాలి. ‘వికాశ్ కుమార్ వర్సెస్ యూపీఎస్సీ’. ఈ అభ్యర్థికి రాసేటప్పుడు చేయి పట్టేసే సమస్య. సివిల్స్ పరీక్షకు తన బదులు రాసిపెట్టే సహాయకుణ్ని అడిగారు. కమిషన్ కాదంది. చట్టం చెప్పిన ‘బెంచ్‌మార్క్’ వైకల్యం, అంటే 40 శాతానికి తగ్గని వైకల్యం, ఉన్న కొన్ని వర్గాలకే ఆ సౌకర్యం అంది.

ఆ 40 శాతం అంటే ఏమిటో తెలుగు పాఠకులకు విడమరచి చెప్పక్కర్లేదు. వైకల్యం శాతం తేల్చే సదరం క్యాంపు ముందు తెల్లవారుజామునుంచి వరుసలో నిలబడ్డవాళ్లందరికీ అది తెలుసు. మన దగ్గర వికలాంగుడు తన పేరు చెప్పేలోపే ‘శాతం ఎంత?’ అని అడుగుతారు. పింఛనుకు శాతం, బస్సు పాసుకు శాతం, రిజర్వేషన్‌కు శాతం. అలా అడిగీ అడిగీ, శాతం తక్కువైతే హక్కే లేదన్న నమ్మకం బలపడిపోయింది. తీర్పు చేసిన పని, చట్టంలో ‘వికలాంగుడు’ అన్న నిర్వచనమూ ‘బెంచ్‌మార్క్ వికలాంగుడు’ అన్న నిర్వచనమూ వేర్వేరు చోట్ల ఎందుకున్నాయని అడగడం. రిజర్వేషన్ లాంటి వాటికి 40 శాతం కావాలని పార్లమెంటు రాసింది, సరే. తగిన సర్దుబాటు దగ్గర ఆ మాట రాయలేదు. అక్కడ మామూలు నిర్వచనం చాలు. ఒక గది తాళం తీసుకెళ్లి ఇంకో గదికి వేయకండి అన్నట్టు తేల్చి, వికాశ్ కుమార్‌కు సహాయకుణ్ని పెట్టుకునే హక్కుందంది. అంతకు రెండేళ్ల ముందు సుప్రీంకోర్టే ఇంకో కేసులో అన్న మాటలతో తాను ఏకీభవించడం లేదని కూడా దాపరికం లేకుండా రాసింది.

ఆ తీర్పులో ఇంకో మెలిక ఉంది. ఇలా అందరికీ ఇస్తే దొంగ సర్టిఫికెట్లు పుట్టుకొస్తాయని వాదించారు. ఈ వాదన మనకు కొత్త కాదు. ఊళ్లో ఎవరికి పింఛను వచ్చినా ‘వాడికేమైంది, బాగానే నడుస్తాడుగా’ అనేవాళ్లు నలుగురుంటారు. కొందరు మోసం చేస్తారన్న భయంతో నిజంగా అవసరమున్నవాళ్ల హక్కు ఆపడం కుదరదని, అనుమానంతో మొదలుపెట్టడం వాళ్లమీద ఉన్న చులకనను పెంచడమేనని తీర్పు సారాంశం. పాఠశాల టీచర్లకూ, పరీక్ష కేంద్రాల్లో కూర్చునేవాళ్లకూ ఈ భాగం ఒక్కటైనా తెలుగులో అచ్చువేసి ఇవ్వాలి. ఆ తీర్పు ఆదేశం మీదే, 40 శాతం లేకపోయినా రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు సహాయకుణ్ని ఇవ్వాలంటూ 2022 ఆగస్టు 10న కేంద్రం మార్గదర్శకాలు విడుదల చేసింది. ఒక అభ్యర్థి అడిగిన సర్దుబాటు, అడగలేని ఎంతోమందికి దారి అయింది.

నచ్చనివీ చెప్పాలి. అవి తీర్పులో కంటే చట్టంలో ఉన్నాయి. 89వ సెక్షన్ కింద మొదటి తప్పుకు జరిమానా గరిష్ఠంగా 10 వేలు. అయిదంతస్తుల భవనం కట్టేవాడికి అది లెక్కలోకి రాదు. రెండోసారి నుంచి 50 వేల నుంచి 5 లక్షల దాకా వేయొచ్చు, కానీ మొదటిసారే నమోదు కాని చోట రెండోసారి ఎలా వస్తుంది? 45లో, రాష్ట్రాల సన్నద్ధతను బట్టి గడువు పొడిగించే వీలు కూడా పెట్టారు. అసలు పట్టు ఓసీ ఆపడంలోనే ఉంది. అది వాడాల్సింది ఢిల్లీ కాదు, మన మునిసిపాలిటీల్లోని టౌన్ ప్లానింగ్ విభాగాలు.

మా స్నేహితుడొకాయన కాలేజీలో పాఠాలు చెబుతాడు. చూపు లేదు. కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే వింటాడు, మనకు ఒక్క ముక్క అర్థం కానంత వేగంగా పెట్టుకుని వింటాడు. రతూరి తీర్పును అలాగే విన్నాడు. ఆ నేలా పైకప్పూ దగ్గరికి వచ్చేసరికి ఆపి, వెనక్కి తిప్పి, వేగం తగ్గించి మళ్లీ పెట్టాడు. “ఇన్నాళ్లూ నేను ఏ ఆఫీసుకెళ్లినా ‘దయచేసి’ అని మొదలుపెట్టేవాణ్ని. ఆ మాట ఎందుకు పెట్టుకోవాల్సి వచ్చిందో ఇప్పుడు తెలిసింది,” అన్నాడు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

రతూరి పిటిషన్ వేసినప్పటి నుంచి ఈ తీర్పుకు 19 ఏళ్లు పట్టింది. అది సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో ఉంది, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఇంగ్లిష్ మరీ కష్టమైనదేమీ కాదు, నాలాంటి న్యాయవాది కానివాడికే అర్థమైంది.

చదివినవాళ్లను ఒకటి అడుగుతాను. మీ అపార్ట్‌మెంటుకో, కల్యాణమండపానికో, గుడికో, మీ పిల్లల బడికో ర్యాంపు ఉంటే, ఒక ఆదివారం టేపు పట్టుకుని వెళ్లండి. గుమ్మం ఎత్తు ఎన్ని అంగుళాలో కొలవండి. పన్నెండుతో గుణించండి. ర్యాంపు పొడవు అంతకంటే తక్కువుంటే, సంఘం సమావేశంలో ఆ రెండు అంకెలూ చదివి వినిపించండి. కొత్తగా కట్టిస్తున్నవాళ్లయితే, మేస్త్రి వాటం పోయకముందే ఆ లెక్క చెప్పండి. చోటు చాలకపోతే మలుపు తిప్పి పోయడం ఆయనకు తెలుసు, అడగాలంతే.